ఒక ఆకు, ఒక వక్క

నేను వరండాలో నడిచి వస్తుంటే మా ఆఫీసులో టీ గ్లాసులు కూడా దాచుకునేవాళ్ళు. ఆ టీ ఎవరు తాగించారని అడుగుతానేమోనని భయం. అడిగేదాన్ని కూడా, అబద్ధమెందుకు. ద్వారకా నగర్‌లో, బస్ కాంప్లెక్స్‌కి కూతవేటు దూరంలో, కింద చీరల కొట్టు, పైన కోచింగ్ సెంటరు, ఆ రెండింటి నడుమ మా ఆఫీసు. ఇళ్ళు కట్టుకునేవాళ్ళకి అప్పులిచ్చే పెద్ద కంపెనీ, దేశమంతా శాఖలున్నాయి. మా శాఖలో నాది విజిలెన్సు పని. అంటే మా వాళ్ళు ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా చూడటం, చాపితే పట్టుకోవడం.

ఒకసారి దీపావళికి ఒక బిల్డరు జీడిపప్పు పెట్టెలు పంపితే, మూత కూడా తియ్యనివ్వకుండా మళ్ళీ అతని కారులోనే పెట్టించాను. మా మేనేజరు మొహం మాడిపోయింది. మా ఆయనైతే, "నీకు ఆ ఉద్యోగం సరిగ్గా అతికిందే, ఇంట్లో మాత్రం కాస్త సెలవు పెట్టు" అని ఏడిపించేవాడు. నాకు కోపం ఎక్కువ. ఆ కోపాన్నే నిజాయితీ అనుకుంటూ చాలా ఏళ్ళు గడిపేశానని ఇప్పుడనిపిస్తుంది.

ఆ కోపం ఎక్కడ మొదలైందో కూడా నాకు తెలుసు. మా నాన్న గోదావరి జిల్లా నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చాడు. కూర్మన్నపాలెం దగ్గర క్వార్టర్స్‌లో పెరిగాం. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒకరోజు అమ్మ, నేను ప్లాంటు గేటు బయట నాన్న కోసం నిలబడ్డాం. షిఫ్టు దిగినవాళ్ళంతా బారు కట్టారు. నాన్న వంతు వచ్చింది. క్యారియరు గిన్నెలు ఒక్కొక్కటే విప్పి గార్డుకి చూపించాడు. చివరి గిన్నెలో మిగిలిన పచ్చడి మెతుకులు కూడా చూపించాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికి వెళ్ళే దారిలో, "నువ్వు దొంగవా నాన్నా? ఎందుకు చూపించావ్?" అని ఏడ్చాను. నాన్న నవ్వి, "దొంగని కాను కాబట్టే చూపించానమ్మా" అన్నాడు. ఆ మాట నేను నమ్మలేదు. నవ్వాడు గానీ గిన్నెలు తిరిగి పేర్చుకునేటప్పుడు ఆయన చేతులు చాలా నెమ్మదిగా కదలడం చూశాను.

సరే, అసలు సంగతికి వస్తాను. మేం అప్పు ఒక్కసారిగా ఇవ్వం. పునాది అయితే కొంత, గోడలు లేస్తే కొంత, స్లాబు పడితే కొంత. ప్రతిసారీ మా ఇంజనీరు వెళ్ళి కళ్ళారా చూసి, అవును, ఇంతవరకు కట్టారని సంతకం పెట్టాలి. అప్పుడే తర్వాతి విడత డబ్బు కదులుతుంది. గోడ లేనిచోట గోడ ఉందని ఆ సంతకం చెప్పిందంటే కంపెనీ మునిగినట్టే.

ఒక రోజు ఫిర్యాదుల పెట్టెలో పేరు లేని ఉత్తరం ఒకటి వచ్చింది. ముత్యాల్లాంటి అక్షరాలేం కావు, రూళ్ళ కాగితం మీద పెన్సిలుతో రాసింది. "మీ ఇంజనీరుకి తాంబూలం ఇవ్వకపోతే లోను డబ్బులు రావంట. ఇది మీ కంపెనీ రూలా? అయితే కాగితాల్లో ఎందుకు రాయలేదు?" అంతే ఉంది. ఎంత మర్యాదగా చెంపదెబ్బ కొట్టారో చూడండి. రూలయితే ముందే చెప్పాల్సింది కదా, సిద్ధపడేవాళ్ళం కదా అన్నట్టు.

కవరు మీద దువ్వాడ పోస్టాఫీసు ముద్ర. ఆ పక్క ఫైళ్ళన్నీ చూసే ఇంజనీరు ఒక్కడే. నలభై ఏళ్ళుంటాయి, పన్నెండేళ్ళుగా మా దగ్గరే. నెమ్మదస్తుడు. వాళ్ళది క్రైస్తవ కుటుంబం, ఆదివారం చర్చిలో పాటలు పాడతాడని, గొంతు బాగుంటుందని మా వాళ్ళు చెప్పేవాళ్ళు. ఇద్దరు ఆడపిల్లలు. గదిలోకి పిలిచి ఆ ఉత్తరం ముందు పెట్టాను. అతను రెండుసార్లు చదువుకున్నాడు. బుకాయిస్తాడనుకున్నాను. బుకాయించలేదు.

"తీసుకున్నాను మేడం. ఏడిళ్ళలో తీసుకున్నాను" అన్నాడు.

"ఎంత ధైర్యంగా చెబుతున్నారండీ!"

"ధైర్యం కాదు మేడం. మొయ్యలేకపోతున్నాను."

తర్వాత మొత్తం చెప్పాడు. మొదటిది దువ్వాడలో, రైలు పట్టాలకి అవతల ఒక ఇల్లు. స్లాబు వేసిన రోజు. స్లాబు పడితే మేస్త్రీకీ పనివాళ్ళకీ తాంబూలం ఇవ్వడం ఇక్కడ ఆనవాయితీ. ఆ ఇంటావిడ ఇతనికీ ఒక కవరు ఇచ్చింది. ఆకులు, వక్కలు, రెండు అరటిపళ్ళు.

"మా ఇళ్ళల్లో తాంబూలాలు ఉండవు మేడం. కాదంటే ఇంటికి మంచిది కాదని వాళ్ళు బాధపడతారని తీసుకున్నాను. బండి డిక్కీలో పెట్టి మర్చిపోయాను. మూడో రోజు కుళ్ళిన వాసన వస్తే తీశాను. ఆకుల మధ్యలో ఐదు వందల రూపాయల నోట్లు నాలుగు."

"తీసుకెళ్ళి ఇచ్చెయ్యలేకపోయారా?"

"ఇచ్చేద్దామనే బయల్దేరాను. ఇంతలో ఏజెంటు ఫోన్ చేశాడు. 'తాంబూలం బాగుందా బావా?' అన్నాడు. ఒళ్ళంతా చెమట పట్టింది మేడం. అప్పుడే అర్థమైంది నాకు."

ఏజెంటు అంటే కంపెనీకి అప్పు కావాల్సినవాళ్ళని తెచ్చేవాడు. తెచ్చినందుకు కమీషన్ తీసుకుంటాడు. దువ్వాడ, కూర్మన్నపాలెం వైపు ఫైళ్ళన్నీ ఆ ఒక్కడి చేతి మీదుగానే వచ్చేవి. మగాళ్ళంతా అతనికి బావలే, ఆడవాళ్ళంతా అక్కలే. ఒకసారి తాంబూలం తీసుకున్న ఇంజనీరు ఆ తర్వాత అతను తెచ్చిన ఏ ఫైలునీ కాదనలేడు. ఇందులో ఏజెంటుకి పైసా ఖర్చు లేదు, పెట్టేది ఇల్లు కట్టుకునేవాళ్ళే.

"మొదటిసారి నాకు తెలీదు మేడం. రెండోసారి తెలుసు" అన్నాడు ఇంజనీరు, తల వంచుకుని.

నాకు ఒళ్ళు మండిపోయింది. "చేతిలో పెట్టింది ఏమిటో తెలీకుండా ఎవడు తీసుకుంటాడయ్యా? నువ్వేమైనా పాలు తాగే పిల్లాడివా? ఈ కథలు నాకు చెప్పకు" అన్నాను. 'మీరు' అనడం మానేసి 'నువ్వు'లోకి దిగిపోయానని కూడా గమనించుకోలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఉద్యోగం ఎలాగూ పోతుంది, అది అతనికీ తెలుసు. కానీ మొదటి నుంచీ తెలిసే తీసుకున్నాడని నేను రాస్తే, అతని పేరు ఒక జాబితాకెక్కుతుంది. ఆ జాబితా అప్పులిచ్చే కంపెనీలన్నీ చూస్తాయి. అందులో పేరున్నవాణ్ణి ఏ కంపెనీ గుమ్మం తొక్కనివ్వదు. ఎవరో పన్నిన వలలో మొదట తెలియక పడ్డాడని రాస్తే ఉద్యోగంతో సరిపోతుంది, ఇంకోచోట బతుకుతాడు. అంటే ఇద్దరు ఆడపిల్లల తండ్రి బతుకంతా నా రిపోర్టులో ఒక్క వాక్యం మీద ఉంది. ఆ సాయంత్రమే ఆ వాక్యం రాసిపెట్టాను. "మొదటి నుంచీ తెలిసే తీసుకున్నాడు." చేతిలో ఏముందో తెలియని మనిషి ఉండడని నాకు అంత నమ్మకం.

మొదట ఇచ్చినావిడ వాంగ్మూలం ఒకటి మిగిలింది. శుక్రవారం మధ్యాహ్నం బస్సెక్కి దువ్వాడ వెళ్ళాను. పట్టాలు దాటి, సిమెంటు రోడ్డు అయిపోయాక ఇంకో పావు మైలు. స్లాబు పడింది, గోడలకి పూత లేదు, గుమ్మాలకి తలుపులు లేవు. కిటికీల్లో ఇటుకలు అడ్డం పెట్టారు. ఆవిడ కూర్మన్నపాలెం జంక్షన్‌లో టిఫిన్ బండి నడుపుతుంది. భర్త పోర్టులో కాంట్రాక్టు పని. అప్పుడు ఇంట్లో ఆవిడ ఒక్కతే, పప్పు రుబ్బుతోంది. నేను ఫలానా కంపెనీ నుంచి వచ్చానని చెప్పగానే చేతులు గబగబా కడుక్కుని కుర్చీ వేసింది.

"కూకోండమ్మా, ఎండలో పడొచ్చినారు. ఇడ్లీలున్నాయి, ఎట్టమంటారేటి?"

"ఏమీ వద్దమ్మా, మంచినీళ్ళివ్వు చాలు. ఒక మాట అడగాలి. స్లాబు రోజు మా ఇంజనీరుకి తాంబూలం ఇచ్చావా?"

"ఇచ్చినానమ్మా."

"అందులో డబ్బులు పెట్టావా?"

ఆవిడ చీర కొంగుతో మొహం తుడుచుకుని, "ఎట్టినాను" అంది, నెమ్మదిగా.

"అతను అడిగాడా?"

"అయ్యో, ఆయన ఏటీ అడగనేదమ్మా. మంచినీళ్ళు కూడా అడగనేదు."

"లోపల డబ్బులున్నాయని అతనికి తెలుసా?"

"ఆయన మనసులో ఏటుందో నాకేటి తెలుస్తాదమ్మా?"

ఎవరు పెట్టమన్నారని అడిగాను. పట్టాల మీద గూడ్సు బండి పోతోంది, అది పోయేదాకా ఆగి, "అందరూ ఎడతారంట గదమ్మా" అంది. ఇంకా గుచ్చి అడగాల్సింది. అడగలేదు. నాకు కావాల్సింది దొరికేసింది, డబ్బు ఇచ్చారు, అతను పుచ్చుకున్నాడు. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని లేచాను.

"శుక్రారం పూట ఇంటికొచ్చిన ముత్తయిదువుని బొట్టెట్టకుండా పంపీమంటారేటమ్మా? ఇంకా తలుపులు కూడా ఎట్టని ఇల్లు. బాగుంటాదని మీ నోటితో ఒక్క మాట అనీసి ఎల్లండి" అంది.

లోపలికి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చింది. బొట్టు పెట్టింది. కవరులో ఆకులు, వక్కలు, పళ్ళు, పైన మడతపెట్టిన ఆకుపచ్చ రవికె గుడ్డ. రెండు చేతులా అందుకున్నాను. "చల్లగా ఉండమ్మా, ఇల్లు బాగా కలిసొస్తుంది" అన్నాను కూడా. తాంబూలంలో డబ్బులు పెట్టారన్న వాంగ్మూలం అప్పుడే నా బ్యాగులోకి వెళ్ళింది, దాని పక్కనే ఆ తాంబూలం పెట్టుకున్నాను! నా బుర్రకి తట్టనే లేదు. ఇంజనీరుకి ఇచ్చింది లంచం, నాకు ఇచ్చింది పసుపు కుంకుమ. బండెక్కి తిరిగే మగవాళ్ళ కోసం రాసిన రూలు, బొట్టు పెట్టించుకునే ఆడదానికి ఎందుకు వర్తిస్తుంది? గురివింద గింజ సామెత ఊరికే పుట్టలేదు.

ఇంటికొచ్చి పళ్ళు మా ఆయనకిచ్చాను. ఏ చీర మీదకి వస్తుందో చూద్దామని రవికె గుడ్డ విప్పి దులిపాను. నాలుగు నోట్లు వంటింటి గచ్చు మీద పడ్డాయి.

మా ఆయన అరటిపండు నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు. "ఇదేమిటే?" అన్నాడు. ముందు ఆవిడ మీద పట్టరాని కోపం వచ్చింది. తర్వాత నా మీద. చేతిలో ఏముందో తెలీకుండా ఎవడు తీసుకుంటాడు? నేను తీసుకున్నాను. నలభై నిమిషాలు బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చాను.

మర్నాడు పొద్దున్నే ఫోన్ వచ్చింది.

"అక్కా, నమస్కారం. నాను, ఏజెంటుని. తాంబూలం అందిందేటి?"

ఫోను పట్టుకున్న అరచెయ్యి తడిసిపోయింది.

"పచ్చరంగు మీకు బాగుంటాదక్కా. ఎల్లిన మనిసిని ఉత్త సేతుల్తో పంపొద్దని నానే సెప్పినాను. మా బావ ఇంజనీరు మంచోడు, మీరు మరీ మంచోలు. ఎవులికీ ఏటీ అవ్వకుండా సూసుకుందాం. ఉంటానక్కా."

ఒక్క బెదిరింపు మాట లేదు. అంత ప్రేమగా మాట్లాడి పెట్టేశాడు. దొంగకి తేలు కుట్టినట్టు అంటారే, ఆ తేలు కుట్టిన మనిషిని నేను. అరవడానికి లేదు.

అప్పుడు నేను ఏం చేశానో చెప్పుకోవాలి. వెంటనే ఆఫీసుకి పరిగెత్తి చెప్పేశానని రాసుకుంటే ఎంత బాగుంటుంది! చెప్పలేదు. శనివారమంతా ఇంట్లో తిరుగుతూ కారణాలు వెతుక్కున్నాను. ఇప్పుడు బయటపెడితే విచారణ నా చేతిలోంచి పోతుంది. ఏజెంటు తప్పించుకుంటాడు. నాకు రిటైర్మెంటుకి ఇంకా నాలుగేళ్ళే ఉంది. జీడిపప్పు పెట్టెలు తిప్పి పంపిన నా పేరు ఏమైపోవాలి? గుట్టుచప్పుడు కాకుండా ఆవిడకి ఆవిడ డబ్బులు ఇచ్చేస్తే సరిపోతుంది కదా. ఈ కారణాల్లో ఒక్కటీ అబద్ధం కాదు, అదే నాకు భయం వేసిన సంగతి. ఇంజనీరుకీ ఇలాంటివే తట్టి ఉంటాయి.

ఆదివారం సాయంత్రం కూర్మన్నపాలెం జంక్షన్‌కి వెళ్ళాను. షిఫ్టు దిగినవాళ్ళు బండి చుట్టూ మూగి ఉన్నారు. ఆవిడ అట్లు వేస్తోంది. జనం పలచబడేదాకా పక్కన నిలబడి, నోట్లు మడిచి ఆవిడ చేతిలో పెట్టబోయాను. ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఇచ్చిన తాంబూలం ఎనక్కి తీసుకుంటే ఇల్లు నిలుస్తాదేటమ్మా?"

"తాంబూలం కాదమ్మా, డబ్బులు. ఇవి నాకెందుకు పెట్టావు?"

ఆవిడ నా మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు, లెక్క తప్పిన మనిషి కంగారు ఉంది. గొంతు తగ్గించి అడిగింది.

"తక్కువైందేటమ్మా? మీరు పెద్దోలని నాకు తెలీనేదు. ఇంకో నెలాగండి, మిగిలింది ఇచ్చీగల్ను. మా లోను డబ్బులు మాత్రం ఆపకండమ్మా."

నడిరోడ్డు మీద నిలబడి ఏడవకుండా ఉండటానికి పళ్ళు బిగపట్టాల్సి వచ్చింది. ఇన్నేళ్ళ నా కోపం, నా రిజిస్టర్లు, నా పేరు, అన్నీ ఆవిడ కళ్ళకి కనిపించిన తీరు అదీ. ఎక్కువ రేటు మనిషి. బండి పక్కన బల్ల మీద కూలబడ్డాను. ఆవిడే గ్లాసుతో నీళ్ళిచ్చింది. అప్పుడు అడిగాను, శుక్రవారం అడగాల్సిన ప్రశ్న.

"ఎవరు పెట్టమన్నారమ్మా?"

"ఏజెంటు బాబు సెప్పినాడు గదమ్మా. ఎవులొచ్చినా మనిసికింత అని. మీ ఆపీసు రూలంట. ఇంజనీరు బాబుకి తెలీకుండా ఆకుల్లో ఎట్టీమన్నాడు, ఆయన సిగ్గరంట, ఎదురుగా ఇస్తే పుచ్చుకోడంట. స్టవ్వు పాడైపోయినా బాగుసేయించకుండా కట్టెల పొయ్యి మీదే వొండి ఆ డబ్బులు దాసినాను."

తెలీకుండా. ఆ మాట అక్కడే కాగితం మీద రాసుకున్నాను. నోట్లు నా దగ్గరే ఉండిపోయాయి, ఆవిడ ముట్టుకోలేదు.

సోమవారం మేనేజరు గదిలోకి వెళ్ళి నోట్లు, రవికె గుడ్డ, రెండూ బల్ల మీద పెట్టాను. ఆయన అంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"మేడం, ఇది రిపోర్టులో పెట్టకండి. ఆ డబ్బు ఆవిడ అప్పు ఖాతాలో జమ చేయిద్దాం, అయిపోతుంది. మీ మీద మచ్చ పడితే మన శాఖ పరువేం కాను?"

"ఇంజనీరు వచ్చి ఇదే మాట అడిగితే ఊరుకునేవారా సార్?"

"మీరూ అతనూ ఒకటా?"

"శుక్రవారం దాకా కాదనే అనుకున్నాను" అన్నాను.

ఆ రోజు రెండు కాగితాలు రాశాను. ఇంజనీరు రిపోర్టులో పాత వాక్యం కొట్టేశాను. మొదటిసారి తెలియక తీసుకున్నాడని, ఇచ్చినావిడే ఆ సంగతి చెప్పిందని, నాకు కూడా సరిగ్గా అలాగే జరిగిందని రాశాను. తర్వాత ఆరిళ్ళూ తెలిసే తీసుకున్నాడని కూడా రాశాను, దాచలేదు. రెండో కాగితం నా మీద నేను రాసుకున్నది. శుక్రవారం తెలియక తీసుకున్నాను. సోమవారం చెబుతున్నాను. మధ్యలో మూడు రోజులు తెలిసే ఉంచుకున్నాను. ఆ చివరి వాక్యం రాయడానికి గంట పట్టింది.

ఏజెంటుని కంపెనీ తీసేసింది, అతను తెచ్చిన ఇళ్ళన్నీ కొత్త మనుషులు మళ్ళీ వెళ్ళి చూసి వచ్చారు. ఇంజనీరు ఉద్యోగం పోయింది, పేరు మాత్రం జాబితాకి ఎక్కలేదు. వెళ్ళిపోయే రోజు నా బల్ల దగ్గరకి వచ్చి నిలబడ్డాడు. తిడతాడేమో, తిడితే పడదాం అనుకున్నాను.

"ఫోన్ వచ్చినప్పుడు మీకూ చెమట పట్టిందా మేడం?" అన్నాడు.

"పట్టిందయ్యా. ఫోను జారిపోయేంత పట్టింది."

అతను తల ఊపాడు. చాలా రోజుల తర్వాత మనిషి మొహంలా ఉంది ఆ మొహం. ఇప్పుడు గాజువాకలో ఇనుప కమ్మీల కొట్టులో పని చేస్తున్నాడని విన్నాను. జీతం సగం. నేను మొదట రాసిన వాక్యమే ఉండి ఉంటే ఏమయ్యేవాడో ఇప్పటికీ అప్పుడప్పుడు అనుకుంటాను, ఆ రాత మీద నాకెంత నమ్మకం ఉండేదో గుర్తొచ్చి సిగ్గు వేస్తుంది.

నాకొక హెచ్చరిక కాగితం ఇచ్చి, విజిలెన్సు నుంచి తీసేసి, కొత్తగా చేరినవాళ్ళకి పాఠాలు చెప్పే పనిలో వేశారు. శిక్ష అనుకుని వేశారు. మొదట్లో నేనూ అలాగే అనుకుని రెండు నెలలు మూతి ముడుచుకుని తిరిగాను. పాఠమంటే ఇంతకుముందు గోడ మీద బొమ్మలు చూపించి, లంచం తీసుకోరాదు, నేరము, అని చదివేసేవాళ్ళు. వినేవాళ్ళు బుద్ధిగా తలలూపేవాళ్ళు. లంచం అని పేరు రాసుకుని వస్తే ఎవరైనా వద్దంటారు. అది ఆకుల్లో వస్తుంది, కుంకుమతో వస్తుంది, కాదంటే ఇల్లు నిలవదేమోనన్న ఒక ఇల్లాలి భయంతో వస్తుంది. అప్పుడేం చెయ్యాలో ఆ బొమ్మల్లో లేదు.

అందుకని నేను క్లాసుకి ఆకులు, వక్కలు, ఒక రవికె గుడ్డ తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. వాళ్ళు ముసిముసిగా నవ్వేవాళ్ళు. "నవ్వండి, నవ్వండి. నాకు జరిగింది చెప్పాక కూడా నవ్వితే చూద్దాం" అనేదాన్ని. మొత్తం చెప్పేదాన్ని, మూడు రోజుల సంగతితో సహా. తర్వాత ఒకళ్ళని ఇంటివాళ్ళుగా, ఒకళ్ళని మన మనిషిగా నిలబెట్టి అలవాటు చేయించేదాన్ని. తాంబూలం కాదనొద్దు. వాళ్ళ ఎదురుగానే విప్పండి. ఒక ఆకు, ఒక వక్క తీసుకుని కళ్ళకద్దుకోండి. ఇల్లు బాగుండాలని మనసారా అనండి. మిగిలిందంతా మళ్ళీ వాళ్ళ చేతుల్లోనే పెట్టండి. ఆకు పుచ్చుకున్నారు కాబట్టి వాళ్ళకి బాధ లేదు, విప్పి చూశారు కాబట్టి మీకు భయం లేదు.

రుణం తీసుకునేవాళ్ళకి కూడా ఫోనులో ఒక మాట వెళ్ళేలా ఏర్పాటు చేయించాను. పుస్తకాల తెలుగులో చెబితే ఎవరూ వినరని, మా ఆఫీసు ఊడ్చే అమ్మ చేత చెప్పించాం. "మా మనిసొత్తే మంచినీళ్ళివ్వండి సాలు. ఇంకేటీ ఇవ్వద్దు. ఎవులైనా ఇమ్మంటే మాకు సెప్పండి." హెడ్ ఆఫీసువాళ్ళు ఇదేం భాష అన్నారు. జనం మాట్లాడే భాష సార్ అన్నాను. వాళ్ళ మాట మీద నాకు మళ్ళీ కోపం వచ్చింది, చాలా రోజుల తర్వాత హాయిగా వచ్చింది.

మొన్న మాఘమాసంలో ఆవిడ మెట్లెక్కి మా ఆఫీసుకి వచ్చింది, గృహప్రవేశం పిలుపుకి. నా మొహం చూడటానికి ముందు కాస్త తటపటాయించి, "రాకపోతే ఊరుకోనమ్మా. ఆ డబ్బులు మా లోనులో ఏసీసినారంట, సెప్పినారు" అంది. వెళ్ళాను. గుమ్మాలకి తలుపులు వచ్చాయి, మామిడి తోరణాలు కట్టారు. గోడలకి లేత నీలం రంగు. ఆవిడ భర్త ఇస్త్రీ చొక్కాలో వచ్చినవాళ్ళందరికీ చేతులు జోడిస్తున్నాడు. కొత్త స్టవ్వు మీద పాలు పొంగిన మరక ఇంకా ఉంది.

భోజనం చేసి బయల్దేరుతుంటే ఆవిడ కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది. చుట్టాలు, ఇరుగుపొరుగు అంతా ఉన్నారు. బొట్టు పెట్టింది. తాంబూలం తీసింది. నేను చెయ్యి చాపేలోపే ఆవిడే కవరు విప్పింది. ఆకులు ఒక్కొక్కటే విడదీసి ఇటూ అటూ తిప్పి చూపించింది. రవికె గుడ్డ మడతలన్నీ విప్పి, రెండు చివర్లూ పట్టుకుని అందరి ముందూ దులిపింది.

"సూసుకోండమ్మా. ఏటీ నేదు."

నవ్వుతూనే అంది. అక్కర్లేదమ్మా, నువ్వెందుకు చూపిస్తావు, నీ ఇంట్లో నువ్వు నాకెందుకు చూపించాలి అని అరవాలనిపించింది. కానీ విప్పి చూడమని ఊరందరికీ నేర్పింది నేనే. ఇళ్ళకెళ్ళిన మా వాళ్ళు విప్పి చూస్తున్నారు కాబోలు, ఆ మాట పాకి ఇక్కడి దాకా వచ్చింది. ఆ రోజు గేటు దగ్గర్నుంచి వస్తూ నాన్న అన్న మాట అప్పుడు జ్ఞాపకం వచ్చింది. దొంగని కాను కాబట్టే చూపించానమ్మా. నలభై ఏళ్ళ పైన పట్టింది నాకు ఆ మాట నమ్మడానికి. నమ్మాక కూడా నొప్పి తగ్గలేదు.

ఒక ఆకు, ఒక వక్క తీసుకుని కళ్ళకద్దుకున్నాను.

"ఇల్లు చాలా బాగుందమ్మా. నూరేళ్ళు చల్లగా ఉండండి."

"గుడ్డ కూడా తీసుకోకూడదేటమ్మా? ఉత్త గుడ్డే గదా. మీకోసమని కొన్నాను, మళ్ళీ పచ్చదే."

తీసుకోవచ్చనే అనిపించింది. ఎంత చిన్నది! చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తున్నారు. వాళ్ళలో కనీసం ముగ్గురు రేపో మాపో మా ఆఫీసు మెట్లెక్కేవాళ్ళే.

"తీసుకోకూడదమ్మా" అన్నాను.

ఆవిడ ఆ గుడ్డని పాత మడతల మీదే మళ్ళీ మడత పెట్టసాగింది. మా నాన్న గిన్నెలు పేర్చుకున్నంత నెమ్మదిగా.